ముంగిలిలో బడి

సూరత్ నగరానికి తూర్పు దిక్కున పర్వత్ పాటియా అనే కూడలి ఉన్నది. గుజరాతీలో పాటియు అంటే పలక. ప్రధాన మార్గం పక్కన ఒక గ్రామం పేరు వ్రాసి నాటిన పలక వద్ద బండ్లు ఆగేవి. అక్కడినుండి లోపలి దారి ఆ గ్రామానికి పోయేది. కాలక్రమాన ఆగే చోటునే పాటియా అనడం వాడుక అయినది. పర్వత్ అనే గ్రామానికి దారి చూపిన పలక ఇట్లే ఒక పేటకు పేరైనది. గ్రామం నగరంలో కలిసిపోయినది. పొలాలున్న చోట బట్టల అంగళ్ళు, మగ్గాల శాలలు, అంతస్తుల ఇళ్ళు లేచినవి. పలక అనగానే తెలుగువానికి మొదట తోచేది బడి. కాని ఇక్కడ చెప్పదగినది పలక పట్టడానికి ముందరి వయసు పిల్లల కథ.

సూరత్ మగ్గాలకూ తెలుగు నేలకూ సంబంధం పాతది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు పద్మశాలి కుటుంబాలు షోలాపూరుకు, భివండీకి, బొంబాయికి, అహమ్మదాబాదుకు తరలిపోయినవి. కొన్ని సూరత్ చేరి నగరపు తూర్పు, దక్షిణ భాగాల పేటలలో కాపురాలు పెట్టినవి. మగవారు మరమగ్గాల మీద పగటి పాళీ, రాత్రి పాళీ పనిచేయగా, ఆడవారు ఇంటివద్దనే చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అంటించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు లెక్కకు ఇంత అని చేసినారు. అటువంటి ఇంట మూడేళ్ళ బిడ్డకు చోటు ఎక్కడ? ఒకే గది. అందులో సగం చీరల మూట. సూది, కత్తెర, బంక బిడ్డ చేతికి అందరాదు. కనుక బిడ్డ మంచం మీదనో, గడప మీదనో, వాహనాలు తిరిగే సందులోనో ఉండాలి.

పగటివేళ చిన్నపిల్లలను కనిపెట్టి చూసే చోటును గుజరాతీలో ఘోడియాఘర్ అంటారు. అనగా ఊయల ఇల్లు. పేరులోనే ఆ ఏర్పాటు పరిమితి కనబడుతుంది. ఊయలలో ఉన్న బిడ్డ పడిపోకుండా, ఏడవకుండా చూస్తే పని తీరినట్లే. కాని ఊయల దిగిన బిడ్డ సంగతి ఏమిటి? దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినబడుతుంటవి. పిల్లవాడిని కదలకుండా కూర్చోబెట్టి కాయడం ఒకటి. బడికి పోయే వయసు రాకముందే అక్షరాలు, అంకెలు వల్లె వేయించడం రెండవది. ఈ రెండూ కాని మూడవ సమాధానం కలదు. దానిని వెదకి, పరీక్షించి, ఆచరణలో పెట్టి చూపినవారిలో గుజరాత్ వారు అగ్రగణ్యులు. అందుచేత ఆ చరిత్ర ఈ పేటకు పరాయిది కాదు.

ఆరుబయట చదువు మన దేశానికి కొత్తది కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపినాడు. ఆయన లెక్కలో ఉన్న 533 బడులలో 226 తెలుగు బడులు. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని ఆయన వర్ణించినాడు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు ఇటువంటి ఇసుక రాతను మద్రాసు ప్రాంతపు బడిలో చూచి, తన అనాథ పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గురించి లండనులో పుస్తకం ప్రకటించినాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో వ్యాపించినది. ఇసుక మన ముంగిట్లోది. దాని విలువను పైవారు గుర్తించినారు. అయితే ఆ వీధి బడిని మరీ పొగడ పనిలేదు. ఇసుక మెత్తన గాని బెత్తం మెత్తన కాదు. అన్ని కులాల బిడ్డలకు ఆ ఇసుక అందనూ లేదు.

ఐరోపాలో ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గులో చిన్నపిల్లల విద్యకు ఒక సంస్థ నెలకొల్పి, కొద్ది కాలానికి దానికి పిల్లల తోట అనే అర్థం గల పేరు పెట్టినాడు. 1907 జనవరి 6న రోము నగరపు శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి పిల్లల ఇల్లు తెరిచినది. దానిని తెరవడానికి గల కారణం గమనింపదగినది. ఆ పేట కూలివారిది. తలిదండ్రులు పనికి పోగా చిన్నపిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ళ యజమానులు విసిగి, పిల్లలను ఒకచోట ఉంచే ఏర్పాటు కోరినారు. ప్రపంచమంతా పేరొందిన ఆ విద్యా విధానం పుట్టినది ధనికుల విద్యాలయంలో కాదు, పగటివేళ పిల్లలను కాచే ఒక గదిలో. లండనులోని డెప్ట్‌ఫర్డ్ పేటలో 1914లో మార్గరెట్ మెక్‌మిలన్ తన సోదరితో కలిసి పేదపిల్లలకు ఆరుబయలు శిశు పాఠశాల పెట్టినది. గాలి, వెలుతురు, తోట, స్నానం, మంచి తిండి అక్కడ పాఠాలే.

గుజరాత్‌లో ఈ కార్యానికి ఆద్యుడు గిజుభాయి బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలో జన్మించి, 1907లో జీవనోపాధికి తూర్పు ఆఫ్రికా వెళ్ళి, తిరిగి వచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి వకీలైనాడు. 1913లో కొడుకు పుట్టినాడు. ఆ బిడ్డను ఎట్టి బడికి పంపాలి అన్న ప్రశ్నే వకీలును ఉపాధ్యాయుణ్ణి చేసినది. మాంటిస్సోరి గ్రంథం చదివి, తాను చిన్ననాట పడిన దెబ్బలు తన బిడ్డకు వద్దనుకున్నాడు. భావనగర్‌లో నానాభాయి భట్టు స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో 1916లో చేరి, 1920 ఆగస్టులో అక్కడ బాలమందిరం ప్రారంభించినాడు. 1922లో గుట్ట మీద దానికి సొంత భవనం ఏర్పడగా కస్తూరిబా దానిని ప్రారంభించినది.

గిజుభాయి మాంటిస్సోరి సాధనాలను స్వీకరించినాడు గాని వాటికి దాసుడు కాలేదు. ఇటలీ ఆచార్యురాలు కల్పిత కథలకు చిన్నపిల్లల వద్ద అంతగా చోటివ్వలేదు. గిజుభాయి జానపద కథలు సేకరించి చెప్పినాడు. కథ చెప్పే విధానం మీద శాస్త్రగ్రంథమే వ్రాసినాడు. పాట, నాటకం, తోటపని, నడక, మట్టి, నీరు అన్నీ బాలమందిరంలోకి వచ్చినవి. బెత్తం పోయినది, బహుమానం కూడ పోయినది. పిల్లలు ఆయనను మీసాల అమ్మ అన్నారని ప్రసిద్ధి. 1939 జూన్ 23న ఆయన కన్నుమూసినాడు. ఆ ఏడాది చివరనే మాంటిస్సోరి మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినది.

భావనగర్ ప్రయోగానికి ఒక లోటు ఉన్నది. అక్కడికి వచ్చిన బిడ్డలలో ఎక్కువమంది చదువుకున్న కుటుంబాలవారు. సాధనాల వెల తక్కువ కాదు. ఆ లోటును తీర్చడానికి పూనుకున్నది గిజుభాయితో పనిచేసిన తారాబాయి మోదక్. 1926లో ఏర్పడిన నూతన బాల శిక్షణ సంఘంలో ఆమె ఆయనకు తోడు. 1945లో ఆమె సూరత్‌కు దక్షిణంగా, సముద్రతీరాన ఉన్న బోర్డి గ్రామంలో గ్రామ బాల శిక్షణ కేంద్రం తెరిచినది. అనుతాయి వాఘ్ అక్కడే ఆమెకు శిష్యురాలై, పిమ్మట వారసురాలైనది.

బోర్డిలో వారికి ఎదురైన సత్యం చిన్నది, కఠినమైనది. బడి తెరిచినంత మాత్రాన పేదపిల్లలు రారు. తల్లి పనికి పోయినది. పెద్దపిల్ల చంకలో చిన్నపిల్ల ఉన్నది. స్నానం లేదు, బట్ట లేదు. అంటరానివారి వాడ బిడ్డకు బడి గడప తొక్కాలంటేనే భయం. కనుక బడియే లేచి వాడకు పోయినది. ఒక ఇంటి ముంగిట చాప పరచి, పిల్లలకు ముఖం కడిగి, తల దువ్వి, పాట పాడించి, గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్ళు ఇచ్చి లెక్క, రంగు, ఆకారం నేర్పినారు. ముంగిలిని అక్కడ అంగణ్ అంటారు. ఆ పని అంగణ్‌వాడీ అయినది. తరువాత కోస్బాడ్ కొండ మీద వార్లీ గిరిజనుల మధ్య పశువులు కాచే పిల్లల కోసం పచ్చిక బయలులోనే బడి నడిపినారు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినప్పుడు ఆ కేంద్రాలకు నిలిచిన పేరు అంగన్‌వాడీ. పేరు దేశమంతా పోయినది. పేరుతో పాటు ముంగిలి పోయినదా అన్నది వేరు ప్రశ్న. ఎన్నో చోట్ల అది చీకటి గదిగానే మిగిలినది.

చట్టం కూడ ఈ వయసు వద్ద తడబడినది. 1948 నాటి కర్మాగారాల చట్టం ఒక సంఖ్యకు మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు బిడ్డలకు గది ఉండాలన్నది. ఇంట్లో లేసు కుట్టే తల్లి ఏ కర్మాగారపు లెక్కలోకీ రాలేదు. 2002 నాటి రాజ్యాంగ సవరణ ఆరు నుండి పద్నాలుగేళ్ళవారి విద్యను ప్రాథమిక హక్కు చేసి, ఆరేళ్ళలోపువారి సంరక్షణను రాజ్యం ప్రయత్నించవలసిన పనిగా మాత్రమే ఉంచినది.

మరల పర్వత్ పాటియాకు వద్దాం. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడిపినది. అది గొప్ప ఔదార్యం. కాని బిడ్డకు మాట కుదిరేది ఆరేళ్ళ కంటె ముందు. ఇంట తెలుగు, సందులో హిందీ, దుకాణంలో గుజరాతీ వినే బిడ్డ, మొదటిసారి ఇల్లు విడిచి కూర్చున్న చోట తన భాషలో ఒక్క పిలుపు కూడ వినకపోతే మౌనంగా ఉండిపోతాడు. ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకునేవారు ఉంటారు. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది బిడ్డ.

దీనికి కావలసిన సాధనాలు ఖరీదైనవి కావు. తట్టెడు ఇసుక, తొట్టెడు నీరు, నాలుగు గిన్నెలు ఉంటే ఎక్కువ, తక్కువ, బరువు, తేలిక తెలిసిపోతవి. చింతగింజలు ఉంటే లెక్క వస్తుంది. మగ్గం ఇంట ఖాళీ కండెలకు కరువు లేదు. వాటిని వరుస పేర్చవచ్చు, దొర్లించవచ్చు. తెగిన రంగు దారాలను జత కలపడం కన్నుకూ వేలికీ మంచి పాఠం. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, దాగుడుమూతలు కాలికి బలం, చెవికి లయ, మనసుకు తోడు ఇస్తవి. ఒక కుండీలో మెంతులు చల్లి మొలక కోసం కాచుకోవడం ఓర్పు నేర్పుతుంది. వీటిలో ఒక్కదానికైనా ముద్రిత పుస్తకం అక్కరలేదు. కావలసినది ఓపిక గల ఒక మనిషి, ఎండ పడే కొంచెం నేల.

ఆ నేలే ఈ పేటలో అరుదు. గాలి ఆడని సందులలో ముంగిలి అన్నదే లేదు. వానాకాలంలో వాగు పొంగితే ఉన్న నేల కూడ నీటిపాలు. అయినను డాబా మీద ఉదయపు నీడ, గుడి ముందరి అరుగు, నగర ఉద్యానంలో ఒక చెట్టు కింద చోటు లేకపోలేదు. బోర్డిలో ఆ స్త్రీలు భవనం కోసం కాచుకొని ఉంటే పని మొదలయ్యేది కాదు. ముంగిలి అంటే కొలిచి కట్టిన స్థలం కాదు. బిడ్డ కోసం పెద్దలు ఖాళీ చేసి ఇచ్చిన చోటు. గదిలో చీరల మూట పక్కకు జరిపి, సూది గోడకు గుచ్చి, ఒక తల్లి తన బిడ్డతో పాటు పొరుగు బిడ్డను కూడ కూర్చోబెట్టుకున్న రోజున ఆ గది కూడ ముంగిలే అవుతుంది. కాని ఆ తల్లి కూలి లెక్క ఆ పూటకు తగ్గుతుంది. ఆ తగ్గినదానిని ఎవరు పూరించాలి అన్న ప్రశ్న సమాజం ముందు ఉన్నది. దానికి పూర్తి సమాధానం ఇంకను రాలేదు.