కుంచె చెప్పిన సాక్ష్యము

1915లో లూసిటానియా నౌక మునిగినప్పుడు ఆ దృశ్యమును పట్టిన కెమెరా లేదు. అమెరికా చిత్రకారుడు విన్సర్ మెకే దానిని వేలకొలది బొమ్మలుగా గీసి 1918లో చలనచిత్రముగా ప్రదర్శించెను. కదలుబొమ్మలతో యథార్థమును చెప్పుట కది తొలి యడుగని చరిత్రకారు లందురు.

కెమెరాకు ప్రవేశము లేని చోటు మరియొకటి కలదు: శరణార్థుల నిర్బంధశిబిరము. వీసా లేక వచ్చినవారిని విధిగా నిర్బంధింపవలెనని ఆస్ట్రేలియా 1992లో శాసించెను. పిల్లలను సైతము విడువలేదు. 2003లో మెల్బోర్న్ చిత్రకారిణులు కొందరు ‘ఇట్స్ లైక్ దట్’ అను లఘుచిత్రము నిర్మించిరి. మాటలు నిర్బంధమున నున్న పిల్లలవి. రూపములు ఉన్నితో అల్లిన పిట్టలవి. ఆ పిల్లల ముఖములు లోకమున కెరుకపడలేదు, గోడు మాత్రము వినవచ్చెను. 2015లో లూకస్ ష్రాంక్ ‘నోవేర్ లైన్’ చిత్రమున మానస్ ద్వీపమందలి ఇరువురు బందీల టెలిఫోను మాటలకు రూపు కల్పించెను. మరుసటి యేట పాపువా న్యూ గినీ సర్వోన్నత న్యాయస్థానము ఆ నిర్బంధము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 2017లో ఆ శిబిరము మూతపడెను.

ఈ ప్రక్రియ కొక ప్రమాదము లేకపోలేదు. పిట్టను చూచి జాలిపడినవాడు పంజరమును మరచిపోవచ్చును. అయినను రూపము కల్పితమైనను కంఠము కల్పితము కాదు. కల్పన ద్వారా సత్యమును చెప్పుట రచయితలకు క్రొత్త గాదు. ఆ కంఠమును చెడకుండ నిలుపుటయే ఇచట కళాకారుని ధర్మము.