ఉజ్జీ లేని పోరు: చీ-హా ట్యాంకు కథ



సంక్రాంతి కోడిపందేలు చూసినవారికి ‘ఉజ్జీ’ అనే మాట కొత్త కాదు. బరిలోకి దించే ముందు రెండు పుంజుల్నీ చేతుల్లోకి తీసుకుని, బరువూ ఎత్తూ చూసి, ఈడూ జోడూ కుదిరిందనుకున్నాకే వదులుతారు. ఆ మాట నాకు ఈమధ్య మా ఇంట్లోనే, కంప్యూటరు ముందు గుర్తుకొచ్చింది.

మా మనవడు సెలవులకు వచ్చాడు. వాడాడే ఆట పేరు వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్. 2010లో మొదలైన ఆట అది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇంటర్నెట్టు ద్వారా కలుసుకుని, పక్షానికి పదిహేనుమంది చొప్పున ట్యాంకులతో పోరాడతారు. మావాడు నడుపుతున్నది జపానువారి మధ్యతరహా ట్యాంకు. పేరు చీ-హా. ఆ పేరు వినగానే మా ఇంటావిడ “ఎవర్ని ఛీకొడుతున్నావురా?” అని వంటింట్లోంచి అడిగింది. నిజానికి జపాను భాషలో ‘చీ’ మధ్యతరహా ట్యాంకుకు గుర్తు. ‘హా’ వాళ్ళ పాత అక్షరక్రమంలో మూడోది. మనం అ, ఆ, ఇ అన్నట్టు వాళ్ళు ఇ, రో, హా అంటారు. అంతకుమించి ఆ పేరులో అర్థమేమీ లేదు.

రెండు దెబ్బలు తగిలేసరికి వాడి ట్యాంకు పేలిపోయింది. “ఇది రేకుడబ్బా తాతయ్యా! దీంతో జపానువాళ్ళు యుద్ధమెలా చేశారు?” అన్నాడు. ఆ రాత్రి వాడికి కొంత చెప్పాను. మిగతాది మీకు చెబుతాను.

రేకుడబ్బా అనడం మరీ తప్పు కాదు. ఈ ట్యాంకు బరువు సుమారు 15 టన్నులు. ఉక్కు కవచం ఎక్కువలో ఎక్కువ 25 మిల్లీమీటర్ల మందం, అంటే ఒక అంగుళం. లోపల నలుగురు మనుషులు. ఫిరంగి 57 మిల్లీమీటర్లది, గొట్టం పొట్టి. గురిచూసేవాడు దాన్ని భుజంతో నెట్టి పైకీ కిందికీ తిప్పుకోవాలి. ఇంజను మాత్రం మెచ్చుకోదగ్గది. 170 అశ్వశక్తి గల డీజిలు ఇంజను, గాలితోనే చల్లబడుతుంది. మంచూరియా చలికి నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలే బాధ లేదు. డీజిలు పెట్రోలంత తేలిగ్గా అంటుకోదు కూడా.

మరి కవచం ఎందుకంత పల్చన? దీన్ని 1937లో ఎంపిక చేశారు. పోటీలో రెండు నమూనాలున్నాయి. ఒసాకా ఆయుధాగారంవారిది తేలిక, చవక. మిత్సుబిషివారిది బరువు, ఖరీదు. శాంతికాలమైతే చవకదే గెలిచేదేమో. ఆ ఏడాది జులైలో చైనాతో యుద్ధం మొదలవడంతో డబ్బు సంచులు విప్పారు, మిత్సుబిషిది నెగ్గింది. అప్పుడు జపాను సైన్యం కళ్ళముందున్న శత్రువు చైనా పదాతిదళం. చైనావారికి ట్యాంకులు అంతంతమాత్రం. కనుక కాలినడకన పోయే సైనికులకు తోడుగా వెళ్ళి, మట్టిగోడల మీదా మరతుపాకుల గూళ్ళ మీదా పేల్చే బండి చాలనుకున్నారు. దేశంలో ఉన్న ఉక్కులో పెద్ద వాటా నౌకాదళానిది. ట్యాంకులను ఓడల్లోకి ఎక్కించాలి, దించాలి, అరకొర వంతెనల మీద దాటించాలి. అందువల్ల బరువు పెంచడానికి వీల్లేదు. ఆ లెక్కలో చూస్తే చీ-హా తప్పుడు బండి కాదు. ఆ శత్రువుకు సరిపడా తయారైంది.

శత్రువు మారితే? 1939 జులైలో మంగోలియా సరిహద్దున సోవియట్ సైన్యంతో తలపడినప్పుడు నాలుగే చీ-హాలు వెళ్ళాయి. అవతల 45 మిల్లీమీటర్ల ఫిరంగులున్నాయి. ట్యాంకు చక్రాలకు చుట్టుకునేలా గడ్డిలో పరిచిన సన్నని ఉక్కుతీగలున్నాయి. రెజిమెంటు నాయకుడు కర్నల్ యోషిమారు తన చీ-హాలోనే ప్రాణం విడిచాడు. ఆ తరువాతే పొడుగు గొట్టంతో 47 మిల్లీమీటర్ల కొత్త ఫిరంగి తయారై, 1942లో యుద్ధరంగానికి వచ్చింది.

ఇక స్లిమ్ నది సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. అక్కడ ఈ రేకుడబ్బాకు ఎదురు నిలిచింది మన దేశపు సైనికులు.

1942 జనవరి 7. మలయాలోని పెరాక్ రాష్ట్రం. అడవికీ రబ్బరు తోటలకీ మధ్య దక్షిణంగా పోయే ఒకే ఒక పెద్ద రోడ్డు. దాన్ని కాస్తున్నది 11వ భారత డివిజను. నెలరోజులుగా వెనక్కి తగ్గుతూ పోరాడి, నిద్రలేక తూలుతున్న మనుషులు. అందరికంటే ముందున్నది 19వ హైదరాబాదు రెజిమెంటు నాలుగో పటాలం. పేరు చూసి మనవాళ్ళనుకోకండి. నిజాం ప్రభువు కోసం ఏర్పడ్డ పాత దళాల నుంచి వచ్చిన పేరది. అందులో ఎక్కువమంది ఉత్తరాదివారు, కుమావూ కొండలవారు, జాట్లు, అహీర్లు. 1945లో ఆ రెజిమెంటు పేరే కుమావూ రెజిమెంటుగా మారింది.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, జపాను ట్యాంకులు రోడ్డు మీద వరుసకట్టి వచ్చాయి. ముప్పైకి అటూఇటుగా ఉంటాయి. చీ-హాలు, వాటితోపాటు తేలికపాటి హా-గోలు. మలయాలో ఆనాడు బ్రిటిషువారికి ఎదురు దింపడానికి ఒక్క ట్యాంకు లేదు. మన సైనికుల్లో చాలామంది అంతకుముందు ట్యాంకునే చూసి ఎరగరు. ఉన్న కొద్దిపాటి ట్యాంకు నిరోధక ఫిరంగులూ మందుపాతరలూ ముందు వచ్చిన కొన్నిటిని ఆపాయి గాని, వెనకవి పాత రోడ్డు మలుపుల్లోంచి చుట్టుతిరిగి వచ్చేశాయి. వెనక ఉన్న గూర్ఖా దళాల్లో ఒకటి రోడ్డు వెంట నడుస్తూండగానే ట్యాంకులు వెనకనుంచి మీదపడ్డాయి. పొద్దెక్కేసరికి అవి స్లిమ్ నది వంతెన దగ్గరున్నాయి. వంతెనను పేల్చడానికి తీగలు బిగించి సిద్ధంగా ఉంచారు. వతనబె అనే యువ అధికారి ట్యాంకు దిగి, కత్తితో ఆ తీగలను తెగనరికాడు. వంతెన నిలిచింది, డివిజను చెదిరింది. నదికి ఇవతల చిక్కుకున్నవాళ్ళు అడవుల్లో పడి రోజుల తరబడి నడిచి, చివరికి చాలామంది పట్టుబడ్డారు. ఆ ట్యాంకులను ఆపింది ఇంకా దక్షిణాన ఒక ఫిరంగి. ఎదురుగా నిలబడి, అతి దగ్గరనుంచి ముందు ట్యాంకును కొట్టింది. నాలుగు రోజుల్లో కౌలాలంపూరు, ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమయ్యాయి.

అదే పెరాక్‌లో, బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో, అప్పటికే ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. విశాఖ జిల్లా నుంచీ చిత్తూరు ప్రాంతం నుంచీ పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవారి సంతానం. తరువాతి మూడున్నరేళ్ళు వాళ్ళెలా బతికారన్నది వేరే ప్రసంగం. సయాం మరణరైలుమార్గానికి తోటలనుంచి తరలించిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారని మాత్రం ఇక్కడ చెప్పాలి. జపాను పేరెత్తితే మన కాకినాడ, విశాఖ పెద్దలకు 1942 ఏప్రిల్ 6న ఆకాశంలోంచి పడ్డ బాంబులు గుర్తొచ్చేవి. పెరాక్ తెలుగువాళ్ళకు రోడ్డుమీద ఇనుప చక్రాల చప్పుడు.

ఇంకా రెండున్నరేళ్ళు గడవలేదు. 1944 జూన్‌లో అమెరికా సైన్యం సైపాన్ దీవిలో దిగింది. జూన్ 16 రాత్రి, తెల్లవారకముందే, జపాను తొమ్మిదో ట్యాంకు రెజిమెంటు నలభైకి పైగా ట్యాంకులతో దాడికి బయలుదేరింది. అవే చీ-హాలు, కొత్త ఫిరంగివి కొన్ని, హా-గోలు కొన్ని. పైన సైనికులు ఎక్కి కూర్చున్నారు. అవతల ఓడలనుంచి వెలుగుగుండ్లు పేల్చి రాత్రిని పగలు చేశారు. భుజం మీద పెట్టి పేల్చే బజూకాలున్నాయి, షెర్మన్ ట్యాంకులున్నాయి. షెర్మన్ ముప్పై టన్నుల పైమాట, ముందు కవచం చీ-హాకు రెండింతలు, ఫిరంగి 75 మిల్లీమీటర్లది. తెల్లవారేసరికి దాడికి వచ్చిన ట్యాంకుల్లో సగానికిపైగా కాలిపోయి ఉన్నాయి. జపాను మొత్తంమీద చేయగలిగిన చీ-హాలు రెండు రకాలూ కలిపి సుమారు 2,100. అమెరికా చేసిన షెర్మన్లు 49 వేల పైచిలుకు.

స్లిమ్ నది దగ్గర గెలిచిందీ సైపాన్‌లో కాలిందీ ఒకటే బండి. మా మనవడికి అర్థం కానిది ఇదే. ఆటలో చీ-హా మూడో తరగతి ట్యాంకు. దాన్ని దించగానే యంత్రమే లెక్కచూసి, దాని స్థాయికి దగ్గరివాటినే అటూఇటూ పంచి నిలబెడుతుంది. ట్యాంకులు లేని పదాతిదళం ఒకవైపు, ముప్పై ట్యాంకులు మరోవైపు అనే ఆట అందులో లేదు. ఉంటే ఎవరాడతారు? పేలిన ట్యాంకు మరుసటి ఆటకు కొత్తగా వస్తుంది. లోపలి నలుగురూ వస్తారు. అది ఆట గనుక అలాగే ఉండాలి, నాకేం ఫిర్యాదు లేదు.

సైపాన్‌లో మట్టిలో మిగిలిన చీ-హా ఒకదాన్ని తరువాత జపానుకు తీసుకువెళ్ళి, టోక్యోలోని యూషూకాన్ ప్రదర్శనశాలలో ఉంచారు. ఆ ట్యాంకు దళాల్లోనే అధికారిగా పనిచేసిన షిబా ర్యోతారో తరువాత జపానులో పేరుపొందిన చారిత్రక నవలాకారుడయ్యాడు. 1996లో చనిపోయేవరకూ ఆ పల్చటి కవచం మీదా, దాన్ని నమ్ముకుని మనుషుల్ని పంపిన పెద్దల మీదా ఆయనకు కోపం తగ్గలేదు. మహారాష్ట్రలో ఉన్న శ్రోతలు అంతదూరం పోనక్కర్లేదు. అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్‌లోని ట్యాంకుల మ్యూజియంలో జపాను ట్యాంకులను దగ్గరగా చూడవచ్చు.

మొన్న మావాడు ఫోను చేశాడు. చీ-హాని దాటి ఐదో తరగతి చీ-నూ దాకా వచ్చాడట. “ఇది అసలైన ట్యాంకు తాతయ్యా, 75 మిల్లీమీటర్ల ఫిరంగి!” అన్నాడు. చీ-నూను యుద్ధం చివరి రోజుల్లో చేశారు. శత్రువు జపాను ఒడ్డున దిగితే అడ్డుకోవాలని అన్నిటినీ స్వదేశంలోనే దాచారు. 1945 ఆగస్టులో యుద్ధం ముగిసేదాకా అవి శత్రువు మీద ఒక్క గుండూ పేల్చలేదు. ఆ సంగతి వాడికింకా చెప్పలేదు.