తొలి పరిశోధక శిక్షణ: సి.ఆర్. రావు కలకత్తా, కేంబ్రిడ్జి దశ (1941–1948)

ప్రవేశిక

మన విశ్వవిద్యాలయాలలో ఒక పరిశోధకుణ్ణి పరిచయం చేసేటప్పుడు ‘ఫలానా ఆచార్యుల పర్యవేక్షణలో’ అనే మాట తప్పక వినిపిస్తుంది. పరిశోధన ఒక గురువు నుంచి ఒక శిష్యునికి సంక్రమించే విద్య అనే నమ్మకం ఆ మాటకు ఆధారం. ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. అయితే సాంఖ్యక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) తొలి శిక్షణను పరిశీలిస్తే దానిని కొంత సవరించుకోవలసి వస్తుంది. ఆయనకు గురువులు లేకపోలేదు; వారిలో మహలనోబిస్, ఫిషర్ వంటి మహామహులున్నారు. కాని ఆయనను పరిశోధకునిగా నిలబెట్టింది ప్రధానంగా పని. అది పాఠం కోసం కల్పించినది కాదు, ఎవరికో నిజంగా అవసరమై ఆయన చేతికి వచ్చినది. ఈ విషయాన్ని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

విశాఖ నుంచి కలకత్తాకు

తెలుగు కుటుంబానికి చెందిన రావు హడగళిలో జన్మించి గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే నిద్రలేపి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారి పట్టుదలను ఆయన జీవితాంతం కృతజ్ఞతతో తలచుకున్నారు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. పట్టా పొందారు. తరువాత పరిశోధక వేతనం లభించలేదు. యుద్ధకాలం కావడంతో సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికి దరఖాస్తు చేసి, ముఖాముఖి పరీక్ష కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు గాని, బసలో పరిచయమైన ఒక యువకుని ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరి 1న ఆయన అక్కడ శిక్షణార్థిగా చేరారు.

ఆ సంస్థ స్వభావాన్ని ఇక్కడ గమనించాలి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులైన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో దానిని నెలకొల్పారు. 1933లో ‘సాంఖ్య’ పత్రిక ఆరంభమైంది. పంటల సర్వేలు, మానవ శాస్త్ర కొలతలు, వ్యవసాయ ప్రయోగాల విశ్లేషణ అక్కడి నిత్యకృత్యాలు. అంటే అక్కడ బోధన, పరిశోధన, పని అనే మూడూ వేర్వేరు గదులలో ఉండేవి కావు. కలకత్తా విశ్వవిద్యాలయం 1941లో సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఏ. తరగతులు ప్రారంభించగా, రావు ఆ మొదటి జట్టులో చేరి 1943లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

పట్టాకు ముందే ఆయన వ్యాసకర్త. ప్రయోగ రచనా పద్ధతులపై సహచరుడు కె.ఆర్. నాయర్‌తో కలిసి 1941–42 నాటికే పత్రాలు ప్రకటించారు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో జరిగిన మానవ దేహ కొలతల సర్వే సమాచారాన్ని విశ్లేషించే పని కూడా ఆయనకు అందింది. మహలనోబిస్, మజుందార్, రావు పేర్లతో దాని నివేదిక 1949లో ‘సాంఖ్య’లో వెలువడింది. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల శిక్షణార్థి చేతికి అచ్చమైన సమాచారాన్ని అప్పగించడమే ఆ సంస్థ శిక్షణలోని మొదటి మెట్టు.

విద్యార్థి అడిగిన ప్రశ్న

రెండవ మెట్టు బోధన. ఎం.ఏ. ముగిసిన వెంటనే రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగారు. 1944లో ఒకనాడు అంచనాల విస్తృతికి సంబంధించి ఫిషర్ ప్రతిపాదించిన ఫలితాన్ని వివరిస్తున్నారు. నమూనా పరిమాణం అపారంగా పెరిగినప్పుడే ఆ ఫలితం వర్తిస్తుంది. పరిమితమైన నమూనాలకు అటువంటి హద్దు ఏదైనా ఉందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి, తరువాతి కాలంలో ఆర్థికవేత్తగా ప్రసిద్ధుడైన వి.ఎం. దండేకర్. రావు ఆ రాత్రి కూర్చుని సమాధానాన్ని సాధించి, మరునాడు తరగతికి తెచ్చారు. ఏ నిష్పక్షపాత అంచనా విస్తృతీ తగ్గజాలని ఒక కనిష్ఠ హద్దును తెలిపే ఈ ఫలితమే క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధి పొందింది. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వచ్చిన వ్యాసంలో అది చోటుచేసుకుంది. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతానికీ, సాంఖ్యక శాస్త్రంలో జ్యామితీయ దృష్టికీ మూలాలు ఆ వ్యాసంలోనే ఉన్నాయి.

ఇక్కడ ప్రశ్న విద్యార్థిది, సాధన ఉపాధ్యాయునిది. నేర్పేవాడు నేర్చుకునే దిశగా మారిన ఈ సన్నివేశాన్ని గురుశిష్య సంబంధపు ఏకముఖ వివరణ అందుకోలేదు.

కేంబ్రిడ్జిలో ఎముకలు, ఎలుకలు

1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపు వచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో లభించిన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ దూరం అనే పద్ధతితో విశ్లేషించేవారు కావాలని మానవ శాస్త్ర మ్యూజియంలోని జె.సి. ట్రెవర్ కోరారు. సంస్థ రావును పంపింది. అంటే ఆయన వెళ్లింది చదువు కోసం కాదు, పని మీద. మ్యూజియంలో పనిచేస్తూనే రొనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో పరిశోధనకు నమోదయ్యారు. అప్పటికి ఫిషర్ కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్ర ఆచార్యులు; ఆయన ప్రయోగశాలలో ఎలుకల సంకరణ ప్రయోగాలలోనూ రావు పాలుపంచుకున్నారు. జీవశాస్త్రీయ వర్గీకరణలోని సాంఖ్యక సమస్యలపై రాసిన సిద్ధాంత గ్రంథానికి 1948లో డాక్టరేట్ లభించింది. ముఖర్జీ, రావు, ట్రెవర్ కలిసి రచించిన జెబెల్ మోయా గ్రంథం 1955లో వెలువడింది. ఒక మ్యూజియం అవసరం నుంచే ఒక సిద్ధాంత గ్రంథం పుట్టిందన్నమాట.

శిక్షకునిగా

కలకత్తాకు తిరిగి వచ్చిన తరువాత రావు సంస్థలోని పరిశోధన, శిక్షణ విభాగానికి నాయకత్వం వహించారు. 1950ల చివరలో, 60ల ఆరంభంలో వరదరాజన్, రంగారావు, పార్థసారథి, ఎస్.ఆర్.ఎస్. వరదన్ అనే యువకులు అక్కడ సంభావ్యతా సిద్ధాంతంపై కృషి చేశారు. రావు స్వయంగా పనిచేసిన రంగం అది కాదు. అయినా వారి దారికి ఆయన అడ్డు నిలవలేదు. వారు తమలో తాము చదువుకుని, ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. రావు పర్యవేక్షణలో పట్టా పొందిన వరదన్ 2007లో ఆబెల్ బహుమతి గ్రహీత అయ్యారు. తాను పొందిన స్వేచ్ఛనే రావు ఇతరులకు అందించారని దీనిని బట్టి భావించవచ్చు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: తొలి శిక్షణార్థికి అభ్యాస సమస్యలు కాక, ఫలితం ఇంకా తెలియని నిజమైన పని దక్కాలి. రెండు: బోధన పరిశోధనకు ఆటంకం కాదు, జవాబు లేని ప్రశ్నను విద్యార్థి తరగతిలో అడగగలిగితే అదే పరిశోధనకు ద్వారం. మూడు: పర్యవేక్షకుడు తన అంశాన్ని శిష్యునికి అంటగట్టనప్పుడే శిష్యుని సొంత అంశం పుడుతుంది. గురువు పాత్రను ఇది తగ్గించదు. ఆ పాత్ర ఎక్కడుందో చూపుతుంది. పని అప్పగించడం, ప్రశ్నను సహించడం, తరువాత పక్కకు తొలగడం ఆ పాత్రలోని మూడు ఘట్టాలు.

ఈ నిర్ణయం విజ్ఞానశాస్త్రాలకే పరిమితం కాదు. తాళపత్ర ప్రతుల పరిష్కారం, శాసన పఠనం, మాండలిక పద సేకరణ వంటి పనులు తెలుగు శాఖలలోనూ ఉన్నాయి. ఎం.ఏ. విద్యార్థి చేతికి ఒక పరిష్కరించని ప్రతిని ఇచ్చే సాహసం మనం ఎంతవరకు చేస్తున్నామన్నది రావు చరిత్ర మన ముందు ఉంచే ప్రశ్న.