దూడ ఎదగకపోతే వంశమూ చూడాలి

నరసరావుపేట ప్రాంతంలో బండలాగుడు గిత్తలకు వంశం చూడటం కొత్తేమీ కాదు. ఒంగోలు జాతి సీమ ఇది. మూపురం, కాళ్లు, నడక చూసి ఆబోతును ఎంచుతారు. అయితే కంటికి ఆనని లోపం మంచి ఒడ్డూపొడుగూ ఉన్న పశువులోనూ దాగి ఉండొచ్చు.

ఈ సంగతి అమెరికా రైతులకు 1940, 50లలో తెలిసొచ్చింది. హియర్‌ఫర్డ్ జాతిలో పొట్టిగా, కండపట్టి ఉన్న ఆబోతులకు ప్రదర్శనల్లో మన్నన ఎక్కువ. వాటిలో కొన్ని మరుగుజ్జుతనపు జన్యువును మోస్తున్నాయి. అలాంటి ఆబోతు అలాంటి ఆవునే దాటితే, సగటున నాలుగు దూడల్లో ఒకటి ఎదుగుదల లేక, గురకపెట్టి ఊపిరి తీస్తూ బతికేది.

ఊరి ఆబోతు రోజుల్లో ఇలాంటి నష్టం ఆ చుట్టుపక్కలకే పరిమితం. గడ్డకట్టించిన వీర్యం వచ్చాక ఒక్క ఆబోతు సంతతి ఖండాలు దాటింది. 1952లో పుట్టిన ఆస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆబోతు, దాని మనవడు కార్లిన్-ఎం ఐవన్‌హో బెల్ పాడికి పేరుమోసినవి. వాటితోపాటే బ్లాడ్ అనే జబ్బూ ప్రపంచమంతా పాకింది. ఈ జబ్బున్న దూడలో తెల్ల రక్తకణాలు రక్తనాళం దాటి పుండు దగ్గరికి చేరలేవు. నోటిపూత, పారుడు, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తాయి. దూడ గిడసబారి, చాలావరకు ఏడాదిలోపే పోతుంది. మందులెన్ని పోసినా ఫలితం లేక రైతు తన మేపునే తప్పుపట్టుకుంటాడు. అదే నాకు బాధ. 1992లో ఈ జబ్బుకు మూలమైన, జన్యువులోని ఒక్క అక్షరం మార్పు దొరికేసరికి, అమెరికాలో పరీక్షించిన హోల్‌స్టీన్ ఆబోతుల్లో నూటికి 14 దాని వాహకాలని తేలింది. తర్వాత 2000 ప్రాంతంలో డెన్మార్క్‌లో బయటపడ్డ వెన్నెముక వైకల్యం మూలాలూ ఇదే వంశంలో కనిపించాయి.

హోల్‌స్టీన్ సంకరజాతి పాడి పెరిగిన మన దేశంలోనూ బ్లాడ్ వాహకాలు దొరికాయి. అందుకే వీర్య కేంద్రాల్లోకి వచ్చే ఆబోతులకు జన్యు పరీక్షలు చేయాలన్న నిబంధన పెట్టారు. ఒంగోలుకు ఆ బెడద లేదని నిశ్చింతగా ఉండలేం. పేరున్న కొద్ది ఆబోతులనే తరతరాలుగా వాడితే ఏ జాతిలోనైనా దాగిన లోపాలు జతకూడతాయి.

ఆవుకు సూది వేయించాక వీర్యపు స్ట్రాను పారేయనివ్వకండి. దాని మీద ఆబోతు నంబరు ఉంటుంది. ఈత తేదీ పక్కన రాసిపెట్టుకోండి. ఆ ఆబోతుకు పుట్టిన పెయ్యకు మళ్లీ అదే నంబరు వేయించొద్దు.