ఎనిమిది వందల పంక్తులు



ముప్పదియైదేండ్లు పాఠశాలలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితుడు కంప్యూటరును గూర్చి ప్రసంగింపబూనుట మీలో గొందరికి వింతగా దోచవచ్చును. నాకు మాత్రము వింతగా లేదు. నా పూర్వశిష్యుడొకడు ఆ వృత్తిలో నున్నాడు. సెలవులకు వచ్చినప్పుడెల్ల నతడు తన పనిని గూర్చి నాకు చెప్పుచుండును, నేను ప్రశ్నలడుగుచుందును. వినగా వినగా, ఆ ప్రపంచము నాకు బొత్తిగా క్రొత్తది గాదని తోచినది. మూలగ్రంథము, వ్యాఖ్యానము, పాఠభేదము, లేఖకుని పొరపాటు, చదువువాడు లేక మూలబడిన ప్రతి - ఇవన్నియు నక్కడను గలవు.

మనము వాడుకొను ప్రోగ్రాములన్నిటికిని అడుగున నుండి, వానిని నడపుచు, ఒకదాని సొత్తు నింకొకటి ముట్టకుండ గాచుచుండు పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమందురు. దాని నడిమి భాగమునకు కెర్నెలని పేరు. ఇంగ్లీషున నా మాటకు గింజలోని పప్పు అని యర్థము. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున 1969లో బుట్టిన యూనిక్స్ అను సిస్టమును మొదట ఒక యంత్రపు సొంత భాషలోనే వ్రాసిరి. 1973లో దాని కెర్నెలును సి అను భాషలోనికి మార్చిరి. సి భాషలోని ప్రోగ్రామును ఆయా యంత్రముల భాషలోనికి దింపు కంపైలరులు గలవు గావున, గ్రంథము ఒక్క యంత్రమునకే కట్టుబడియుండు నవస్థ చాలవఱకు తీరినది. పూర్తిగా దీరలేదు. యూనిక్స్ నిర్మాతలలో ప్రథముడైన కెన్ థాంప్సన్ 1978లో బ్రకటించిన వ్యాసమున లెక్క చెప్పినాడు: కెర్నెలులో సి భాషలోనివి సుమారు 10,000 పంక్తులు; యంత్రపు భాషయగు అసెంబ్లీలోనివి సుమారు 1,000. ఈ వేయింటిలో 200 వేగము కొఱకు వ్రాసినవి. తక్కిన 800 పంక్తులు సి భాషలో జెప్ప వీలులేని పనులకు.

నేటి నా ప్రసంగము ఆ యెనిమిది వందల పంక్తులను గూర్చియు, వాని సంతతిని గూర్చియు.

సి భాషలో జెప్ప వీలులేని పని యెట్టిది? కచ్చేరిలో నొక గుమాస్తా పెద్ద లెక్క కూడుచున్నాడనుకొందము. నడుమ నధికారి పిలిచెను. గుమాస్తా యంతవఱకు వచ్చిన మొత్తమును, ఏ వరుసవఱకు గూడెనో ఆ గుర్తును, చేత మిగిలిన యంకెను కాగితముపై వ్రాసిపెట్టుకొని లేవవలెను. తిరిగివచ్చి యక్కడినుండియే సాగింపవలెను. ప్రాసెసరులో నట్టి యంకెలుంచు చిన్న యరలకు రిజిస్టరులని పేరు. గడియారపు సంకేతము వచ్చినను, ఎవరైన మీట నొక్కినను, నడుచుచున్న ప్రోగ్రాము నడుమ నాగును. కెర్నెలు దాని రిజిస్టరులలోని యంకెలను భద్రపఱచి, వచ్చిన పని ముగించి, మఱల వాని నెక్కడివక్కడ నుంచవలెను. తాను ఆగిన సంగతి యా ప్రోగ్రామునకు దెలియనే కూడదు. ఒక్క రిజిస్టరును మఱచినచో గూడిక తప్పును; తప్పినట్లు వెంటనే యెవరికిని దెలియదు. అరలెన్ని, ప్రాసెసరు తనంత తాను దాచునవేవి, మనము దాచవలసినవేవి యనునది ప్రతి ప్రాసెసరునకును వేఱు. కావున నీ భాగమును ప్రతి ప్రాసెసరునకును వేఱుగా వ్రాయవలెను, వ్రాసిన పిదప గాపాడుచుండవలెను.

దీనికొక వ్యాఖ్యాత దొరకినాడు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను నధ్యాపకుడు, యూనిక్స్ ఆఱవ కూర్పులోని కెర్నెలును పాఠ్యగ్రంథముగా నచ్చొత్తించి, పంక్తి పంక్తికి వ్యాఖ్య వ్రాసినాడు. ఇది 1977 నాటి మాట. కాళిదాసునకు మల్లినాథుడెట్లో యూనిక్స్‌నకు లయన్స్ అట్లని నేననుకొందును. 1979లో వచ్చిన యేడవ కూర్పుతో, మూలమును తరగతిలో బోధింపరాదని యనుమతిపత్రములు నిషేధించినవి. అంతట నీ వ్యాఖ్య జిరాక్సు ప్రతికి జిరాక్సు ప్రతిగా దేశదేశములు తిరిగినది. బహిరంగముగా నచ్చుపడుటకు 1996 రావలసివచ్చెను.

ఆ మూలములో నొక ప్రోగ్రామును విడిచి మఱియొక ప్రోగ్రామునకు మాఱు ఘట్టము కలదు. అక్కడ గ్రంథకర్తలు, చదువరికిది యర్థము కావలెనని తామాశించుటలేదను భావముతో నొక గమనిక వ్రాసిరి. అది మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. గర్వోక్తియని కొందఱు నొచ్చుకొనిరి. గ్రంథకర్తలలో నొకడైన డెనిస్ రిచీ తరువాతి కాలమున సంజాయిషీ చెప్పినాడు: పరీక్షలో నిది రాదని యుపాధ్యాయుడు చెప్పునట్లుగా దానిని వ్రాసితిమేగాని ధిక్కారముగా గాదు. ఆ మాటయొక్క ఫలమెట్టిదో నాకు బాగుగా దెలియును. పరీక్షలో రాదన్నదానిని ఏ పిల్లవాడును జదువడు.

రిచీ యంతటితో నాగలేదు. అసలు చిక్కేమన, అక్కడ జరుగుచున్నది తమకును అర్థము కాలేదని యొప్పుకొన్నాడు. ఈ సంగతి బయటపడిన తీరు వినదగినది. 1977 ప్రాంతమున బెల్ పరిశోధనాలయమువారు యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అను వేఱొక జాతి యంత్రమునకు దరలింప బూనిరి. అంతవఱకది నడుచుచున్నది పి.డి.పి.-11 అను యంత్రముపై. పాత మూలములో, ఒక ప్రక్రియలో నుండగా స్థితిని దాచి, వేఱొక ప్రక్రియ చివర నుండి వెలికి వచ్చు పద్ధతి యుండెను. ఒక గదిలో బ్రవేశించి యింకొక గది తలుపున బయటికి వచ్చినట్లు! పి.డి.పి.-11 కంపైలరు అన్ని గదులకు నొకే కొలత తలుపు పెట్టెడిది గనుక నది సాగినది. ఇంటర్‌డేటా కంపైలరు ఏ గదిలో నెన్ని రిజిస్టరులు దాచినారో చూచి, దాని కొలత ప్రకారము తలుపు పెట్టెడిది. పద్ధతి కుప్పకూలినది. నేను దీనిని బహుకాలము మననము చేసితిని. మూలము పొరపాటైయుండియు, ఒక్క యంత్రముపై నున్నన్నాళ్లు సరియైనట్లే నడచినది. దానికి మఱియొక దేశము చూపినగాని దానిలోని దాగిన నమ్మకము బయటపడలేదు.

ఇక లినక్స్ కథ. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్లవాడు, తాను క్రొత్త సిస్టము వ్రాయుచున్నానని 1991 ఆగస్టు 25న బ్రకటించెను. అతనికడ నున్నది ఇంటెల్ కంపెనీవారి 386 ప్రాసెసరు గల కంప్యూటరు. ప్రోగ్రాములను మార్చుటకు ఆ ప్రాసెసరునందే యుండు ప్రత్యేక సాధనమును వాడుకొంటిని గనుక నిది వేఱు యంత్రములకు బోదని యతడే చెప్పినాడు. 1992 జనవరిలో ఆమ్‌స్టర్‌డాము ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్, ఒక్క జాతి ప్రాసెసరునకు సిస్టమును గట్టివేయుట తగదని యాక్షేపించెను. ఆచార్యుని మాట యీ యంశమున న్యాయమైనది. మూడేండ్లు తిరుగకమున్నే టోర్వాల్డ్స్ స్వయముగా ఆల్ఫా అను ప్రాసెసరునకు దన కెర్నెలును దరలింప బూనెను. 1995 మార్చిలో వెలువడిన 1.2వ కూర్పున ఆల్ఫాతోబాటు స్పార్క్, మిప్స్ ప్రాసెసరులకును జోటు దొరకినది. నాటినుండి ఆ గ్రంథమున 'ఆర్చ్' అను విభాగము క్రింద ఒక్కొక్క ప్రాసెసరునకు నొక్కొక్క గది యేర్పడినది.

పుట్టినింటి గది సంగతి యేమైనది? 386లో నొక లోపము కలదు. ఒక ప్రోగ్రాము తనవంటి ప్రతిని పుట్టించినప్పుడు, కెర్నెలు దాని పుటల నన్నిటిని నకలు చేయదు. ఇద్దఱికిని ఒకే పుటలు చూపి, వ్రాయరాదని ముద్ర వేయును. ఎవరైన వ్రాయబోయిన క్షణమున ప్రాసెసరు హెచ్చరించును. అప్పుడా యొక్క పుటకు నకలు తీయుదురు. చక్కని పొదుపు. కాని 386లో నీ ముద్ర సామాన్య ప్రోగ్రాములనే యాపును. కెర్నెలు తానే వ్రాసినచో ప్రాసెసరు కిక్కురుమనదు. ఇద్దఱి పుటయు జెడును. కావున 386 కొఱకు గెర్నెలు తాను వ్రాయు ప్రతిసారియు ముందుగా ముద్రను స్వయముగా జూచుకొనవలెను. 1989లో వచ్చిన 486 ప్రాసెసరులో నీ లోపము దీర్చిరి. ఒక విలువను పోల్చి చూచి యొక్క యాజ్ఞతోనే మార్చు సాధనమును గూడ జేర్చిరి. పలు ప్రాసెసరులు కలిసి పనిచేయుచో నది ప్రాణమువంటిది.

2012 డిసెంబరులో ఇంగో మోల్నార్ 386 భాగమును దొలగించు ప్రతిపాదన పంపెను. పోయినవి నాలుగు వందలకు బైబడిన పంక్తులు. అంత చిన్న సంఖ్యకు నింత ప్రాముఖ్యమేల యందురా? క్రొత్త యంత్రముల కొఱకు బునాదిని మార్చిన ప్రతివాడును, ఎవరును వాడని యా పాత యంత్రమును దలచుకొని తన పనిని మెలిపెట్టవలసివచ్చుచుండెను. భారము పంక్తులలో లేదు, వాని చుట్టునున్న మనుష్యుల మనస్సులలో నున్నది. 1991నాటి మీ తొలి కంప్యూటరు ఇక క్రొత్త కెర్నెలును నడుపజాలదని మోల్నార్ టోర్వాల్డ్స్‌కు జ్ఞాపకము చేసెను. తనకట్టి మమకారము లేదని యాయన యంగీకరించెను. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8వ కూర్పున 386 లేదు. దీనిని కృతఘ్నత యనువారు కలరు. నేననను. తాత గారి మంచమని నడవలో నడ్డముగా వైచి, ఇంటిల్లిపాదియు దానిని దాటుకొని తిరుగుట పితృభక్తి యనిపించుకొనదు.

వాడుకలో నున్న యంత్రముల గదులైనను నిశ్చింతగా నుండవు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అను దోషము లోకమునకు దెలిసినది. కెర్నెలు పుటలు ప్రతి ప్రోగ్రాము ఎదుటను ఉండును గాని చూడరాదని ముద్ర వేసియుండును. ఇంటెల్ ప్రాసెసరులు పెక్కు, ముద్ర చూచుటకు ముందే తొందరపడి చదివి, ఆ చదువు జాడను లోపలి నిలువలో విడిచిపెట్టుచుండెను. దానికి విరుగుడుగా గెర్నెలులోనికి వచ్చు ద్వారమునే తిరిగి చెక్కవలసివచ్చెను. ప్రవేశించునప్పుడు నొక పుటల పట్టిక, మరలునప్పుడు నింకొకటి. వేగము కొంత తగ్గినది. ఈ మార్పు వచ్చిన 4.15వ కూర్పుననే రిస్క్-ఫైవ్ అను క్రొత్త ప్రాసెసరు జాతికి గది తెఱచిరి. మన మద్రాసు ఐ.ఐ.టి.వారి శక్తి ప్రాసెసరు ఈ జాతిదే.

ఆ సంవత్సరమే 4.17వ కూర్పున ఆర్న్డ్ బెర్గ్‌మన్ ఎనిమిది ప్రాసెసరుల గదులను ఖాళీ చేయించెను. బ్లాక్‌ఫిన్, క్రిస్, టైల్ మున్నగునవి వానిలోనివి. వాని మరణకారణమును గూర్చి యతడు చెప్పినది గమనింపదగినది. ప్రాసెసరు చేయుట, దానిచుట్టు చిప్పు చేయుట, దాని సాఫ్ట్‌వేరును బోషించుట - మూటిని ఒక్క కంపెనీయే మోయుటకంటె, పరుల ప్రాసెసరు నమూనాను అనుమతి గొని వాడుకొనుట చౌకయైనది.

ధనబలము చాలునా యన్నచో నదియు జాలదు. ఇటేనియము అను ప్రాసెసరును ఇంటెల్, హ్యూలెట్-పాకార్డ్ అను రెండు మహా సంస్థలు కలిసి నిర్మించినవి. 2001లో విపణికి వచ్చినది, 2021లో నమ్మకమాగినది. ఆ యేడే కెర్నెలు గ్రంథమున దాని పేరున కెదురుగా సంరక్షకుడు లేని యనాథ యని వ్రాసిరి. 2024 జనవరిలో వెలువడిన 6.7వ కూర్పున నది లేదు. దీనికి భిన్నముగా మోటరోలా 68000 కుటుంబమును జూడుడు. తొలి ప్రాసెసరు 1979 నాటిది. అమీగా, అటారి మున్నగు పాత కంప్యూటరులలోనిది. దానికి వెనుక నే మహాసంస్థయు లేదు. కాని గేర్ట్ ఉయ్టర్‌హువెన్ అను సంరక్షకుడు, అతనితోడి కొందఱు స్వచ్ఛంద సేవకులు కలరు. సామాన్య భాగమున మార్పు వచ్చినప్పుడెల్ల వారు తమ గదిలోనికి బోయి, ఆ మార్పునకు దగినట్లు సవరించి, పాత యంత్రముపై నడిపి చూచుచుందురు. 2025నాటి కెర్నెలులోను ఆ గది యున్నది. సంస్థానములు పోషించిన గ్రంథములు కొన్ని చెదలపాలగుటయు, ఒక పల్లెటూరి శాస్త్రిగారు ఏటేట దులిపి నూనె రాచిన తాళపత్రములు నిలుచుటయు మనమెఱుగని సంగతులా?

ఇటేనియము తొలగినప్పుడు, దానిని వాడువారు కొందఱు మొఱపెట్టుకొనిరి. టోర్వాల్డ్స్ తలుపు పూర్తిగా మూయలేదు. మీరే యొక సంవత్సరము బయట దానిని బోషించి, తక్కిన గ్రంథమునకు బాధ కలుగకుండ నడపి చూపినచో, తిరిగి చేర్చుకొను మాట యాలోచింతునని 2023 నవంబరులో వ్రాసెను. కొందఱు నిజముగనే పూనుకొని, వచ్చిన ప్రతి కూర్పునకును ఆ భాగమును సవరించి, పాత ఇటేనియము పెట్టెలపై నడిపి చూడసాగిరి.