ఆఘాతకర సంఘటనలపై ప్రాథమిక పరిశీలన: విచారణ వేరు, పరామర్శ వేరు

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం ప్రధానంగా వర్షాధార వేరుశనగపై ఆధారపడినది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వరుస కరవులు, ఎండిన బోర్లు, అప్పుల భారం నేపథ్యంలో రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాలో దీర్ఘకాలిక సమస్యగా పరిణమించాయి. బాధిత కుటుంబాలను ఆదుకొనే నిమిత్తం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్ 1న జి.ఓ. 421 జారీ చేసి, రూ.1.50 లక్షల సహాయాన్ని ప్రకటించింది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల విచారణ అనంతరం అర్హత నిర్ధారించే పద్ధతి నాటి నుంచి అమలులోకి వచ్చింది.

ఆ విచారణ మరణించిన రైతును గురించినది. ఆ మరణాన్ని కళ్లారా చూసిన భార్య, పిల్లలు, తల్లిదండ్రుల మనఃస్థితిని తెలుసుకొనడానికి వేరొక పరిశీలన అవసరం.

ఏది ఆఘాతకర సంఘటన?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ప్రాణాపాయం, తీవ్ర గాయం, లైంగిక హింసలకు గురికావడం, వాటిని ప్రత్యక్షంగా చూడడం, ఆప్తుల హింసాత్మక లేదా ప్రమాద మరణవార్త వినడం ఈ కోవలోకి వస్తాయి. పంట నష్టం, అప్పు ఎంత బాధాకరమైనప్పటికీ ఈ నిర్వచనంలోకి రావు. వాటివల్ల కలిగే కుంగుబాటును గుర్తించడానికి వేరే ప్రశ్నావళులు ఉన్నాయి. ఇంట్లో జరిగిన ఆత్మహత్య మాత్రం ఈ నిర్వచనంలోకి వస్తుంది. వృత్తిరీత్యా ఇటువంటి దృశ్యాలను పదేపదే చూసే పోలీసు, 108 అంబులెన్సు సిబ్బందికి, పాత్రికేయులకు కూడా ఇది వర్తించవచ్చు.

పరిశీలన విధానం

జీవిత సంఘటనల జాబితాగా పేర్కొనే పత్రంలో 17 అంశాలు ఉంటాయి. ప్రతి అంశానికీ అది తనకే జరిగిందా, చూశారా, విన్నారా, వృత్తిలో ఎదురైందా అని అడుగుతారు. దీనికి మార్కులు లేవు. 2016లో ప్రచురితమైన మరొక సంక్షిప్త ప్రశ్నావళిలో ముందుగా సంఘటన ఎదురైందా అని అడిగి, అవునన్నవారినే గడచిన నెల రోజుల గురించి అయిదు ప్రశ్నలు అడుగుతారు. పీడకలలు లేదా వద్దన్నా వచ్చే తలపులు, ఆ జ్ఞాపకాలను తప్పించుకోజూడడం, అనుక్షణం ఉలికిపాటు, మనసు మొద్దుబారడం, తననో ఇతరులనో నిందించుకొనడం ఇందలి అంశాలు. ఇది రోగ నిర్ధారణ కాదు. వైద్యుని వద్దకు పంపవలసినవారిని గుర్తించే సాధనం మాత్రమే.

చదువురాని వారికి ప్రశ్నలను చదివి వినిపించాలి. బంధువులు, ఊరి పెద్దల ఎదుట కాక విడిగా అడగాలి. సంఘటన వివరాలను పూసగుచ్చినట్లు చెప్పించవలసిన పని లేదు; అవును, కాదు అన్న జవాబు చాలును. ఒకే విడతలో జరిగినదంతా చెప్పించే పద్ధతి మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. తొలి నెలలో కలిగే కలతను రుగ్మతగా ముద్ర వేయరాదు.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

పరిశీలనలో వచ్చిన జవాబులను పరిహారం దస్త్రంలో చేర్చరాదు. ఆ జవాబు వల్ల సహాయం వస్తుందనో, పోతుందనో అనుమానం కలిగిన కుటుంబం నిజం చెప్పజాలదు. మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతకు హామీ ఇస్తున్నది. చికిత్స పొందుతున్నవారి ఫోటోలను, సమాచారాన్ని వారి సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు ఇవ్వరాదని 24వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

చికిత్సకు దారి చూపలేని చోట ప్రశ్న అడగడం తగదు. కళ్యాణదుర్గం నుంచి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి సుమారు 60 కిలోమీటర్లు. కూలి మానుకొని వెళ్లవలసినవారికి ఇది చిన్న దూరం కాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలను 14416 నంబరు ద్వారా ఉచితంగా, 24 గంటలూ, తెలుగులోనూ పొందవచ్చును. పరిశీలన జరిపిన సిబ్బంది ఈ నంబరును కుటుంబానికి రాసి ఇవ్వడంతోపాటు, కొన్ని వారాల తరువాత మరొకసారి ఆ ఇంటికి వెళ్లి యోగక్షేమాలు విచారించడం అవసరం.