ఒకే ప్యానెల్‌లో పలు బ్యాండ్లు: ఐసొలేషన్ అంకె చెప్పని సంగతి

విశాఖపట్నానికి ఐఎస్ 875 ప్రమాణం నిర్దేశించిన మౌలిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద సుమారు 1,500 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. రెండు మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల ప్యానెల్ యాంటెన్నా మీద అది దాదాపు 120 కిలోల బరువుతో సమానం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తాకిన తీరమది. మన దేశంలో మొబైల్ సేవలకు 700, 800, 900, 1800, 2100, 2300, 2500, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లున్నాయి. ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో ప్యానెల్ బిగిస్తూ పోతే టవర్ మోయలేదు. అందుకే ఒకే రిఫ్లెక్టర్ మీద పలు బ్యాండ్ల డైపోల్‌లను కలిపి అమరుస్తారు.

చిక్కంతా పొడవుల్లో ఉంది. 698–960 మెగాహెర్ట్జ్ డైపోల్ పొడవు సుమారు 180 మిల్లీమీటర్లు. దాని కింద, పక్కన ఉండే 1710–2690 డైపోల్ పొడవు 70 మిల్లీమీటర్లు దాటదు. 1800 దగ్గర తరంగదైర్ఘ్యం 167 మిల్లీమీటర్లే కాబట్టి పై బ్యాండ్ తరంగానికి ఆ పెద్ద డైపోల్ అడ్డంగా నిలిచిన లోహపు కడ్డీ. అందులో ప్రేరిత విద్యుత్తు పుట్టి మళ్లీ వికిరణం చెందుతుంది. దాంతో పుంజం పక్కకు ఒరుగుతుంది, గెయిన్ తగ్గుతుంది, ±45 డిగ్రీల ధ్రువణాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి.

ఇలాంటి యాంటెన్నాల మీద వచ్చే వ్యాసాలు చాలావరకు పోర్టుల మధ్య ఐసొలేషన్‌ను ముందు పెడతాయి. రెండు బ్యాండ్ల మధ్య లీకేజీని రేడియో వైపు ఫిల్టర్ ఆపగలదు. చెదిరిన తరంగం మాత్రం అసలు తరంగం ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది. దాన్ని ఏ ఫిల్టరూ వేరు చేయలేదు. కాబట్టి 30 డెసిబెల్స్ ఐసొలేషన్ సాధించిన యాంటెన్నా కూడా సెక్టారు అంచున ఉన్న ఫోనుకు సరైన సిగ్నల్ ఇవ్వకపోవచ్చు. వికిరణ సరళిని ముందు చూడాలని నేను గట్టిగా కోరుతున్నది ఇందుకే.

విరుగుడు ఉంది. పెద్ద డైపోల్ భుజాన్ని పై బ్యాండ్ అర తరంగదైర్ఘ్యం కన్నా పొట్టి ముక్కలుగా కోసి, వాటి మధ్య చోక్‌లు పెడతారు. పై బ్యాండ్‌కు చోక్ తెగిన తీగలా, కింది బ్యాండ్‌కు దాదాపు అతికిన తీగలా పనిచేస్తుంది. అయితే అది కింది బ్యాండ్‌లో ఇండక్టెన్స్ చేరుస్తుంది. మధ్య ఫ్రీక్వెన్సీలో మూడో వంతు వెడల్పున్న 698–960 అంతటా మ్యాచింగ్ నిలబెట్టడం అప్పుడు కష్టమవుతుంది.

ఎదురు ఇబ్బంది ఇంతకన్నా మోసపూరితమైనది. చిన్న డైపోల్ కాడ, భుజం కలిపితే సుమారు 70 మిల్లీమీటర్లు. చుట్టుపక్కల లోహం ప్రభావంతో ఆ పొడవు విద్యుత్‌పరంగా ఇంకా పెరుగుతుంది. 900 దగ్గర పావు తరంగదైర్ఘ్యం 83 మిల్లీమీటర్లు. దాంతో చిన్న డైపోల్ నిలువు మోనోపోల్‌లా అనునాదం చెంది కింది బ్యాండ్ పుంజాన్ని పాడుచేస్తుంది. కాడలో చిన్న సిరీస్ కెపాసిటర్ పెడితే ఆ అనునాదం బ్యాండ్ పైకి జరుగుతుంది.

ఇక ఎడం. కింది బ్యాండ్ డైపోల్‌ల మధ్య 250 మిల్లీమీటర్లు ఉంచి, పై బ్యాండ్‌కు అందులో సగం, అంటే 125 తీసుకుంటే, పుంజాన్ని 10 డిగ్రీలు కిందికి వంచినప్పుడు (డౌన్‌టిల్ట్) 2690 మెగాహెర్ట్జ్ గ్రేటింగ్ లోబ్, అంటే అక్కర్లేని అదనపు పుంజం, దిక్చక్రానికి సుమారు 46 డిగ్రీల పైన లేస్తుంది. కొంత శక్తి ఆకాశం పాలవుతుంది. మూడో వంతు, 83 తీసుకుంటే ఆ లోబ్ ఉండదు. కానీ డైపోల్‌లు, ఫేజ్ షిఫ్టర్ శాఖలు పెరుగుతాయి, కేబుల్ నష్టమూ పెరుగుతుంది. టిల్ట్ ఎక్కువగా వాడే ఇరుకు నగరాలకు ఆ ఖర్చు పెట్టాల్సిందే.

2022 వేలంలో వచ్చిన 3300–3670నూ ఇదే అల్లికలో ఇరికిస్తే, చోక్‌లు 1710 నుంచి 3670 వరకు, అంటే రెట్టింపుకు మించిన వ్యాప్తిలో పనిచేయాలి. అనునాదం మీద ఆధారపడే నిర్మాణం అంత వ్యాప్తిని మోయడం కష్టం. 3300 శ్రేణిని అదే ప్యానెల్ పైభాగంలో, పెద్ద డైపోల్‌ల నీడ పడనిచోట విడిగా పెట్టడం మేలు. మిగతా పోర్టులన్నిటికీ 50 ఓమ్‌ల లోడ్ బిగించి, ప్రతి టిల్ట్ వద్దా ఒక్కో బ్యాండ్ సరళిని కొలిచాకే ఆ అమరికను ఖరారు చేయాలి.